ఆర్థిక పరిశోధనము: అంకెకు ముందున్న మాట

ఆర్థికశాస్త్ర గ్రంథములను తిరుగవేయువారి కంటికి మొదట తగులునవి పట్టికలు. ఇంతమందికి ఇంత ఆదాయము, ఇన్ని ఎకరములకు ఇంత పంట, ఇన్ని కుటుంబములకు ఇంత అప్పు అని అంకెలు వరుసలు తీరి యుండును. శాస్త్రజ్ఞులు వానిని కూడి, భాగించి సిద్ధాంతములను తీయుదురు. ప్రభుత్వములు వానిని చూచి పథకములను వేయును. ఆ అంకె ఎట్లు పుట్టినదని అడుగువారు మాత్రము తక్కువ. ఒకనాటి ఉదయమున ఒక వాకిట నిలిచి ఒకరు ఒక ప్రశ్న అడిగిరి. లోపలినుండి వచ్చినవారు తమకు తోచిన సమాధానము చెప్పిరి. అడిగినవారు తమకు అర్థమైనంతవరకు కాగితముపై వ్రాసికొనిరి. పట్టికలోని గడులలో పెక్కింటికి మూలమిదియే. అంకెకు ముందు ఒక మాట కలదు. మన ప్రాంతమున అది తెలుగుమాట. తెలుగుశాఖవారి సంచికలో ఆర్థిక పరిశోధనమును గూర్చి వ్రాయుటకు మాకు గల అధికారము ఇంతమాత్రమే. గణితమున మాకు ప్రవేశము స్వల్పము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆర్థికశాస్త్రమున పరిశోధనము చేయుచున్న మిత్రులొకరు తమ ప్రశ్నావళిని తెలుగు చేసిపెట్టుమని మాకిచ్చిరి. మొదటి ప్రశ్నయే ఇంటిలో ఎందరున్నారని. మేము క్షణమైనను ఆలోచింపక "ఇల్లు" అని వ్రాసితిమి. దానిని పరీక్షించుటకు మేమును వారితో కూడ వెళ్లితిమి. ఆ ఊరు తెలంగాణములోనిది. మొదటి గడపలోనే అన్నదమ్ములిద్దరు ఒకే పెంకుటింట కాపురమున్నారు. ఇది ఒక ఇల్లా, రెండిళ్లా యని మేము తడుముకొనుచుండగా పెద్దవాడు, "ఇల్లొక్కటే సారూ, పొయ్యిలే రెండు. వేరువడి నాలుగేండ్లాయె" అనెను. మా అనువాదము అచ్చటనే తప్పిపోయినది. జనాభా లెక్కలలోను, జాతీయ నమూనా సర్వేలోను వాడుకలోనున్న నిర్వచనము కూడ సరిగా అదియే: సాధారణముగా కలసి నివసించుచు ఒకే వంట తినువారు ఒక కుటుంబము. కోస్తా జిల్లాలలో ఇదే సంగతిని "వేరు కుంపటి పెట్టినారు" అందురు. శాస్త్రజ్ఞులు నాలుగు పంక్తులలో చెప్పిన నిర్వచనము జనుల పలుకుబడిలో రెండు మాటలలో ఇమిడియున్నది.

అంతట "మీ పొయ్యిమీద వండినది తినువారెందరు?" అని ప్రశ్నను మార్చితిమి. మార్చినంతనే చిక్కులు తీరలేదు. పట్నమున వసతిగృహములో నుండి చదువుకొను కొడుకును లెక్కింపవలెనా? రెండుపూటలు ఇచ్చటనే తిని రాత్రి తన గుడిసెకు పోవు జీతగాని మాట యేమి? పురిటికి వచ్చిన కూతురు ఈ ఇంటిదా, అత్తవారింటిదా? ఇవి వట్టి మాటల తగవులు కావు. ఒక ఇంటి నెల ఖర్చు 6,000 రూపాయ లనుకొందము. తినువారైదుగురని వ్రాసిన తలకు 1,200; ఆరుగురని వ్రాసిన 1,000. బీదరికపు గీత ఆ రెంటి నడుమ ఎచ్చటనో పడెనేని, ఆ ఒక్క జీతగానిని లెక్కలోనికి తెచ్చుటయో త్రోసివేయుటయో ఆ కుటుంబము బీదదా కాదా యను దానిని నిర్ణయించును.

"పని" యను మాట కథ ఇంతకంటె పెద్దది. 1961 నాటి జనాభా లెక్కలలో, పంటకాలమున ఎక్కువ భాగము రోజునకు ఒక గంటకు మించి పనిచేయువారిని కూడ పనివారుగా వ్రాసికొనిరి. 1971లో పద్ధతి మారినది. ఒకరి ముఖ్యవ్యాపకమేదో ముందు అడిగి, గృహకృత్యములే ముఖ్యమని చెప్పిన స్త్రీని పనిలేనివారి వరుసలో చేర్చిరి. ఫలితమేమన, 1961లో దేశములోని స్త్రీలలో నూటికి సుమారు 28 మంది పనివారుగా కనబడగా, 1971లో ఆ సంఖ్య రమారమి సగమునకు పడిపోయెను. ఆ పదేండ్లలో ఈ దేశపు ఆడువారు నాట్లు మానలేదు, కలుపులు మానలేదు. మారినది ప్రశ్న. 1981లో ముఖ్య శ్రామికులు, ఉపాంత శ్రామికులు అను విభాగముచేసి, సంవత్సరమున 183 దినములను హద్దుగా పెట్టి కొంత చక్కబరచిరి. 1991లో సొంత పొలములోను ఇంటి వ్యాపారములోను కూలి పుచ్చుకొనక చేయు పని కూడ పనియే యని ప్రశ్నలోనే చేర్చిరి.

కాని ప్రశ్న ఇంగ్లీషున ఎంత చక్కబడినను వాకిట అడుగబడునది తెలుగున. "ఏం పని చేస్తావమ్మా?" యని అడిగినచో పల్లెలో స్త్రీ చెప్పు సమాధానము మాకు కంఠస్థమైపోయినది: "నాకేం పని సారూ, ఇంటికాడనే ఉంట." ఆ మాట చెప్పునప్పుడు ఆమె చేతిలో చేట యుండును. తెలుగున పనికి రెండర్థములు కలవు. "పని చేయుట" అన్నది సర్వసామాన్యము. "పనికి పోవుట" అన్నది మాత్రము కూలికి పోవుట. అడుగువాడు మొదటి యర్థమున అడుగును. వినునామె రెండవ యర్థమున వినును. ఒకామెను మేము మరియొక తీరున అడిగి చూచితిమి. పొద్దున లేచినది మొదలు నిన్న ఏమేమి చేసినావో వరుసగా చెప్పుమంటిమి. బర్రెను పిండినది, పాలకేంద్రమున పోసివచ్చినది, పేడ ఎత్తినది, పిడకలు కొట్టినది, మధ్యాహ్నము సొంత చేనిలో పత్తి తీసినది, సాయంకాలము గడ్డిమోపు తెచ్చినది. చెప్పి ముగించినపిమ్మట తానే నవ్వినది. ఆమెకు "ఏ పని లేదు" అని అంతకుముందు వ్రాసికొన్న కాగితము మా చేతిలోనే యున్నది.

నర్సాపురము ప్రాంతపు లేసు అల్లికవారిని గూర్చి మారియా మీస్ అను జర్మను పరిశోధకురాలు వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. అచ్చటి స్త్రీలు అల్లిన లేసు విదేశముల అంగళ్లకు పోవుచుండగా, అల్లినవారు మాత్రము తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగానే ఎంచబడుచుండిరని ఆమె చూపెను. ఇట్టి లోపమును తీర్చుటకు పుట్టినదే కాలవినియోగ సర్వే. 1998–99లో ఆరు రాష్ట్రములలో దీనిని ప్రయోగముగా జరిపిరి. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. 2019లో దేశమంతట జరిగినది. ఇందు "పని" యను మాట అడుగనక్కరలేదు. ఇరువదినాలుగు గంటలు ఎట్లు గడచినవో అడిగిన చాలును. మేము ఆ బర్రెల యజమానురాలిని అడిగినది తెలియకయే ఈ మార్గమున నడచుట.

అప్పును గూర్చిన ప్రశ్న మరింత సున్నితము. "మీకు అప్పున్నదా?" యని ఎదుటివారి నడుగుట మర్యాద కాదు, అడిగినను "లేదు" అనుటయే గౌరవము. అదియునుగాక తెలుగువాడు పుచ్చుకొన్న ధనమంతయు అప్పు కాదు. వడ్డీలేక నాలుగు దినములకు తెచ్చుకొన్నది చేబదులు. అంగడిలో నెలకొకమారు తీర్చునది ఖాతా. పంట రాగానే గింజలుగా కొలిచి యిత్తునని ముందుగా తెచ్చినదానిని వాడు బేరమనునే గాని అప్పనడు. వీనినన్నిటిని పేరుపేరున అడుగని ప్రశ్నావళి అప్పులో సగమును ఊరిలోనే విడిచివచ్చును. ఇక వడ్డీ సంగతి. "రెండు రూపాయల వడ్డీ" అని రైతు చెప్పినచో నూటికి నెలకు రెండు రూపాయలని యర్థము. అనగా సాలుకు నూటికి 24. పట్టణమున పుట్టి పెరిగిన విద్యార్థి దానిని సాలుకు రెండుగా వ్రాసికొనివచ్చుటను మేము కన్నులార చూచితిమి. ఆ పట్టికనుబట్టి చూచిన ఆ ఊరి వడ్డీవ్యాపారి బ్యాంకులకంటె దయామయుడు.

ఈ లెక్కలవలన ఏమగునని శంకించువారికి ఒక నిదర్శనము చాలును. రిజర్వు బ్యాంకువారు 1951–52లో జరిపించిన అఖిల భారత గ్రామీణ ఋణ సర్వే 75 జిల్లాలలో 600 గ్రామములను, 1,27,343 కుటుంబములను చూచినది. గోర్వాలా అధ్యక్షతన ఆ సంఘము నివేదిక 1954లో వెలువడినది. రైతు తెచ్చుకొన్న ఋణములో సహకార సంఘముల పాలు నూటికి మూడు, ప్రభుత్వపు పాలు నూటికి మూడు. వడ్డీవ్యాపారులదే దాదాపు డెబ్బది. సహకారోద్యమము దేశమున యాబదేండ్లుగా సాగుచుండగా ఇంతేనా యని చదివినవారు దిగ్భ్రమ చెందిరి. ఆ నివేదిక చేసిన సిఫారసును పురస్కరించుకొని 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినది. ఊరి అరుగుమీద కూర్చుండి అడిగిన ప్రశ్నలు ఒక బ్యాంకును కట్టినవి.

కొలతలకు వత్తము. ధాన్యపు కొలతలలో సాధారణముగా నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. కాని మానికయే ఊరూర మారుచుండెను. కావున ఒక జిల్లా పుట్టికిని, మరియొక జిల్లా పుట్టికిని పొత్తు కుదరదు. 1956 నాటి తూనికలు కొలతల శాసనము తరువాత కిలోగ్రాము వచ్చినది గాని, మాట వెంటనే చావలేదు. నేల విషయమున నేటికిని భేదము కలదు. ఆంధ్రమున ఎకరమునకు నూరు సెంట్లు. తెలంగాణమున నలువది గుంటలు. ఎకరము పది గుంటలను రికార్డులలో 1.10 అని వ్రాయుట వాడుక. అది దశాంశము కాదు. ఎకరము పది గుంటలకు ఎకరము ముప్పది గుంటలను చేర్చినచో సరిగా మూడెకరములు. యంత్రమున కూడిన 2.40 వచ్చును. సగమెకరమునకు మించి భూమి ఏ వరదకును కొట్టుకొనిపోక యంత్రములోనే మాయమగును. కూరగాయల ధర వ్రాసికొనువారు మరువరాని మాట మరియొకటి కలదు, అది కొసరు. తూచిన వంకాయలపై అమ్మకత్తె వేసిన రెండు కాయలు ధరల సూచికలో ఎక్కడను కనబడవు.

పంటను ఎట్లు కొలుతురు? పూర్వము గ్రామాధికారి చేను చూచి ఇది ఇన్ని అణాల పంట యని అంచనా చెప్పెడివాడు. సంపూర్ణమైన పంట పదహారణాలు. మనము నేటికిని "పదహారణాల తెలుగుతనము" అనుచున్నాము; పైసలు వచ్చి అణాలు పోయినను సంపూర్ణతకు ఆ కొలతయే నిలిచినది.  శిస్తు తగ్గునేమోయని పన్నెండుకు దించి చెప్పించుకొను రైతును, పై అధికారికి భయపడి పదునాలుగు వ్రాయు ఉద్యోగియు ఆ అణాలను తెగ బేరమాడిరి. దీనికి మారుగా 1920 దశకమున హబ్బక్ అను అధికారి బీహారు ఒరిస్సాలలో చేనిలో యాదృచ్ఛికముగా ఒక చోటు ఎన్నుకొని, అంతమేర కోసి తూచు పద్ధతిని ఆరంభించెను. మహలనోబిస్, సుఖాత్మే దానిని పెంచిరి. ఇప్పుడు వరికి సాధారణముగా అయిదు మీటర్ల చదరమును కోయుదురు. ఇంత చిన్న విషయమునను మనుష్యస్వభావము దూరును. కోయు గడి చిన్నదైనకొలది పంట హెచ్చుగా కనబడుచున్నదని ఆ పండితులు గుర్తించిరి. అంచుమీద నిలిచిన దుబ్బు లోనిదా వెలిదా యను సందేహము కలిగినపుడు చేయి దానిని లోనికే లాగును. గడి చిన్నదైన అంచు పాలు పెద్దది.

అన్నిటికంటె పెద్ద వివాదము జ్ఞాపకమును గూర్చినది. ఇంటిలో ఎంత తింటిరి, ఎంత ఖర్చుపెట్టితిరి అని అడుగునప్పుడు ఎన్ని దినముల లెక్క అడుగవలెను? వారము దినములదా, నెలదా? నెల యన్నచో కొంత మరతురు. వారమన్నచో అంతకుముందు వారమున కొన్నది కూడ ఈ వారములోనికి జరిపి చెప్పుదురు. 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైన కొలదికాలమునకే మహలనోబిస్, ఆయన సహచరులు పశ్చిమ బెంగాలులో ప్రయోగము చేసిరి. వారపు లెక్క నెల లెక్కకంటె హెచ్చుగా వచ్చినది. కొన్ని ఇండ్లలో బియ్యమును తూచి చూడగా నెల లెక్కయే సత్యమునకు దగ్గరగా నున్నదని తేలినది. అప్పటినుండి ముప్పది దినములే ఆచారమైనవి.

1999–2000లో జరిగిన 55వ విడత సర్వేలో ఆహారపదార్థములకు ఏడు దినముల గడిని, ముప్పది దినముల గడిని ఒకే కాగితముపై ప్రక్కప్రక్కన పెట్టిరి. ఒకే మనిషిని ఒకే పూట రెండు విధముల అడిగినపుడు ఏమగునో ఊహింపవచ్చును. వారమునకు రెండు కిలోల పప్పని చెప్పినవాడు నెలకు అయిదని చెప్పుటకు జంకును. అడుగువాడు కూడ రెంటికి పొంతన కుదుర్చును. నెల లెక్క వారపు లెక్కవైపు పెరిగినది. ఆ సర్వేనుబట్టి దేశమున బీదవారు నూటికి 26.1 అని ప్రకటింపబడినది. 1993–94లో ఆ సంఖ్య 36.0. ఆరేండ్లలో పదిపాళ్ల బీదరికము పోయినదన్నమాట! కోట్లకొలది జనులు గీత దాటిరని కొందరు ఉత్సవము చేసిరి. ప్రశ్నవలన దాటిరని కొందరు వాదించిరి. ఆంగస్ డీటన్, అభిజిత్ సేన్ మొదలగు పండితులు ఆ అంకెలను విప్పి చూచి, తగ్గుదలలో కొంత నిజమైనను కొంత గడుల చలవయేయని తేల్చిరి. ఎంత నిజము, ఎంత చలవ యను దానిపై వారిలో వారికే భేదము కలదు. ఒక కాగితముపై రెండు గడులు ప్రక్కప్రక్కన నుండుటచే ఒక దేశపు బీదరికచరిత్రలో ఆ సంవత్సరపు పుట ఇప్పటికిని అనుమానముతోనే చదువబడుచున్నది.

మా అభిప్రాయమున ఇచ్చట ప్రశ్నకుడు గృహిణిని అనుసరింపవలెనే కాని గృహిణి ప్రశ్నకుని అనుసరింపరాదు. బియ్యము, పప్పు, ఉప్పు "నెల సరుకులు", కూరలు సంతనాటివి, చీరలు పండుగకు కొనునవి. వారము, నెల, సంవత్సరము అను మూడు కాలములు ఆమె లెక్కలో మునుపే యున్నవి. 2009–10 నుండి సర్వేవారు తీసికొన్న మిశ్రపద్ధతి దాదాపుగా ఇదియే: కూరలు, పండ్లు, గ్రుడ్లు, మాంసము మొదలగువానికి ఏడు దినములు, ధాన్యము పప్పులకు ముప్పది, బట్టలు చదువులు వంటివానికి 365. 2022–23 సర్వేలో దీర్ఘమైన ప్రశ్నావళిని మూడుగా విడదీసి మూడు మారులు ఇంటికి వెళ్లిరి. ఒకేపూట రెండు గంటలు కూర్చుండబెట్టినచో పొయ్యిమీది అన్నము మాడును. ఆపై వచ్చు సమాధానములన్నియు "అంతే రాసుకోండి" అనునవియే.

అడుగువాడు ఎవరి పంపున వచ్చెనను శంక ప్రతి సమాధానమునకు వెనుక నుండును. ఇది నేటిది కాదు. కల్నల్ మెకంజీ పనుపున కావలి బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలగువారు ఊరూర తిరిగి కరణముల కవిలెలనుండి వ్రాయించిన కైఫియతులు మన గ్రామచరిత్రకు పెన్నిధి. చెరువులు, మాన్యములు, పన్నులు, కరవులు అన్నియు వానిలో కలవు. ఆర్థికచరిత్రకారులు వానిని విరివిగా వాడుదురు, వాడవలసినదే. కాని చెప్పుచున్న కరణమునకు ఎదుటివాడు దొరగారి మనిషి యని తెలియును. మాన్యము ఎంత పురాతనమైన అంత నిలుచునని తెలియును. అందుచే మాన్యముల విషయమున వ్రాసినదానిని శాసనములతో పోల్చక గ్రహించుట ప్రమాదము. చెరువులు, కరవుల సంగతులలో ఆ భయము తక్కువ.

ఆనాటి మాన్యమువంటిది నేటి కౌలు. కౌలు మాటమీద జరుగును, కాగితముండదు. భూస్వామికి తన పేర కౌలుదారు ఎక్కునేమో యని భయము. కౌలుదారునకు నిజము చెప్పిన వచ్చే ఏడు చేను దక్కదేమో యని భయము. "ఈ చేను ఎవరిది?" యని అడిగిన భూస్వామి పేరు వచ్చును; "ఎవరు చేస్తున్నారు?" అన్నను కొన్నియెడల అదియే వచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో గుర్తింపు కార్డుల శాసనమును, 2019లో పంటసాగుదారుల హక్కుల శాసనమును చేసిరి. ఆ భయము పోనంతవరకు లెక్కలలో కౌలుదారు పలుచగానే కనబడును. పెట్టుబడికి ఋణము, పంటనష్టమునకు పరిహారము లెక్కలోనున్నవానికే కదా వచ్చునవి! సూటిగా అడుగుటకంటె ఎరువు ఎవరు కొన్నారు, కూలి ఎవరిచ్చినారు, గింజలు ఎవరి ఇంటికి పోయినవి అని చుట్టు తిరిగి వచ్చిన కొంత నిజము చేజిక్కును.

ఈ చిక్కులన్నిటికి శ్రమతో కూడిన ఒక విరుగుడు మన నేలమీదనే జరిగినది. పటాన్‌చెరువు దగ్గర 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని అధ్యయనము ఆరంభించినది. అందు రెండు, ఔరేపల్లె, డోకూరు, ఆనాటి మహబూబ్‌నగరు జిల్లాలోనివి. తక్కినవి మహారాష్ట్రములోని షోలాపూరు, అకోలా జిల్లాలవి. ఊరికి నలువది కుటుంబములు: కూలివారు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. వచ్చి అడిగి పోవుట గాక, ఆ ప్రాంతపు భాష తెలిసి పల్లెలో పెరిగిన పట్టభద్రుని ఊరిలోనే కాపురముంచిరి. మూడు నాలుగు వారములకొకసారి అవే ఇండ్లకు వెళ్లి, క్రిందటిమారు వచ్చినది మొదలు ఏమి కొంటిరి, ఏమి అమ్మితిరి, ఎవరు ఎన్నాళ్లు పనికి పోయిరి అని వ్రాసికొనెడివారు. ఇట్లు పదేండ్లు సాగినది; మరల 2001 నుండి కొనసాగినది. ఒకే కుటుంబమును కరవులోను, పంటలోను, పెండ్లిలోను, చావులోను చూచిన లెక్కలు ప్రపంచమున కొద్ది. మెట్టరైతును గూర్చి ప్రపంచమున ఎచ్చట వ్రాసినను ఈ రెండు పాలమూరు పల్లెల పేర్లు తరచు కనబడుటకు కారణమిదియే.

ఆ గ్రామముల చరిత్రలో మాకు మిక్కిలి నచ్చినది హాన్స్ బిన్స్‌వాంగర్ అను శాస్త్రజ్ఞుని అనుభవము. రైతులు నష్టభయమునకు ఎంత వెనుదీయుదురో ఆయన తెలిసికొనగోరెను. ముందు ప్రశ్నలతో అడిగించెను. ఆ సమాధానములు అడుగువానినిబట్టి మారుచున్నవని తేలెను. అంతట ప్రశ్నలను నమ్ముట మాని నిజమైన డబ్బుతో బొమ్మాబొరుసు ఆడించెను. తక్కువైనను నిశ్చయముగా వచ్చుదానిని కోరుకొందువా, పడిన ఎక్కువ, పడకున్న తక్కువ వచ్చుదానిని కోరుకొందువా? కొన్ని పందెములు ఆ దినములలో కూలివాని నెలసంపాదనను మించి పోయినవి. 1980లో ప్రకటించిన ఆ ఫలితములలో, పందెము పెద్దదైనకొలది ధనికుడు, బీద యను భేదము లేక దాదాపు అందరును జంకిరి. బీదరైతు స్వభావముచేతనే పిరికివాడు, కావుననే కొత్త పంట వేయడు అని అంతవరకు సులభముగా వ్రాసిన వ్రాతలకు అది గట్టి దెబ్బ. ఆటలో పోగొట్టుకొనునది ఏమియు లేని మాట నిజమే. పోగొట్టుకొనునపుడు ఎట్లుందురో అది చెప్పదు.

ఇంత శ్రమ అందరికి సాధ్యము కాదు. కాగితమునకు ఇంత యని కూలి పుచ్చుకొను యువకుడు ఎండవేళ చెట్టుక్రింద కూర్చుండి ఇరువది ఇండ్లను తానే నింపుట ఎరుగనివారు లేరు. మనవారు వానికి "కాకిలెక్కలు" అని ఎన్నడో పేరు పెట్టిరి. దీనిని పట్టుటకు మహలనోబిస్ చేసిన ఉపాయము చక్కనిది: ఒకే ప్రాంతమున రెండు నమూనాలను తీసి, ఒకరి సంగతి మరియొకరికి తెలియని రెండు జట్లచే వేరువేరుగా లెక్కింపించుట. రెండు ఫలితములు మిక్కిలి దూరముగా వచ్చినచో ఎవరో ఒకరు చెట్టుక్రింద కూర్చుండిరని అర్థము. జట్లు రెండును ఒకే తప్పు ప్రశ్నను ఒకే తీరున అడిగినచో మాత్రము ఈ ఉపాయమునకు అది చిక్కదు. "నాకేం పని సారూ" అను సమాధానము రెండు జట్లకును ఒకే రీతిగా వచ్చును.

అచ్చటనే భాష తెలిసినవారి అవసరము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటమును ప్రకటించిరి. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. జిల్లా జిల్లా తిరిగి వృత్తిపనివారి నోటనుండి పదములను సేకరించిన గ్రంథములవి. మేము వ్యవసాయపు సంపుటమును భాషాశాస్త్ర విద్యార్థుల చేతులలోనే చూచితిమి. ప్రశ్నావళి వ్రాయువారి బల్లమీద చూడలేదు. కొలతలకు, కూలికి, కౌలుకు, అప్పుకు జిల్లావారీగా ఏ మాట నడచునో చెప్పు చిన్న పట్టికలను మన పరిశోధక విద్యార్థులు ఒక్కొక్కరొక జిల్లా పంచుకొని తయారుచేసిన, ఆర్థికశాస్త్రశాఖవారికి అది ఏ గణితసూత్రమునకును తీసిపోని సాయము. మా మిత్రుని ప్రశ్నావళికై ఒక మండలమునకు మాత్రము ఇట్టి పట్టిక వ్రాసితిమి. అది నాలుగు పుటలైనది, అందు అప్పునకే పదునొకండు మాటలు.

ఆ ప్రశ్నావళిని చివరిమారు పరీక్షించుటకు పోయినపుడు ఒక ముసలమ్మ ప్రశ్నలన్నిటికి ఓపికగా సమాధానము చెప్పి, మేము లేవబోవుచుండగా, "ఇవన్నీ రాసుకపోయి ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగినది. నలువది పుటల కాగితములో ఆ ప్రశ్నకు సమాధానము ఎక్కడను లేదు. మిత్రుడు నా వంక చూచినట్లే మేమును ఆయన వంక చూచితిమి. ఆ రాత్రి బసలో కూర్చుండి, ఎవరు పంపగా వచ్చితిమి, ఈ కాగితము ఎవరికి చూపుదుము, ఎవరికి చూపము, దీనివలన పింఛను రాదు, పోదు అని నాలుగు వాక్యములు ఆమె తెలుగులోనే వ్రాసి, మొదటి ప్రశ్నకు పైన చేర్చితిమి.